పేరు వెతికితే దొరకని నిధి: ఒక పాత యూనివర్సిటీ ఎండోమెంట్ కేసు

పాత విద్యాసంస్థల రికార్డులు సర్దడం నా వృత్తి. మినిట్స్ పుస్తకాలు, లెడ్జర్లు, దాతల దస్తావేజులు చదివి, ఏ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ షరతు మీద వచ్చిందో రాసిపెడతాను. ఈ కేసు బ్రిటిష్ కాలం నాటి ఒక యూనివర్సిటీది. అది ఏ రాష్ట్రంలో ఉందో కూడా చెప్పను. మొత్తాలు మార్చాను కానీ వాటి మధ్య నిష్పత్తి మార్చలేదు. కొన్ని తేదీలు కావాలనే వదిలేశాను. ఇందులో నేను ఒకచోట తప్పు నిర్ధారణకు వచ్చాను, దాన్ని కాగితం మీద కూడా పెట్టాను. అదీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ తప్పు ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చేసే అవకాశం ఉంది.

నేపథ్యం

లార్డ్ కర్జన్ కాలంలో వచ్చిన 1904 యూనివర్సిటీల చట్టం సెనేట్లను, అంటే యూనివర్సిటీల పెద్ద పాలకసభలను, కుదించింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు సెనేట్లలో ఫెలోలు (సభ్యులు) 50కి తగ్గకుండా, 100కి మించకుండా ఉండాలని చెప్పింది. వాళ్లలో ఎక్కువమందిని ఛాన్సలరే నామినేట్ చేస్తాడు. రోజువారీ పాలన సిండికేట్ అనే చిన్న కార్యనిర్వాహక మండలి చేతిలో ఉండేది. వైస్ ఛాన్సలర్ పదవికి జీతం లేదు. హైకోర్టు జడ్జీలు, పేరున్న లాయర్లు సాయంత్రాలు వచ్చి ఆ పని చూసేవాళ్లు. రిజిస్ట్రార్, ఆయన కింద కొద్దిమంది గుమాస్తాలు, అంతే ఆఫీసు.

ఆదాయం ముఖ్యంగా పరీక్ష ఫీజులే. అభ్యర్థులు తగ్గితే ఖజానా కూడా తగ్గేది. 1921లో సహాయ నిరాకరణ ఉద్యమం వల్ల పరీక్షలు రాసేవాళ్లు తగ్గినప్పుడు కలకత్తా యూనివర్సిటీకి ఎంత కష్టం వచ్చిందో అందరికీ తెలిసిన చరిత్రే. బెంగాల్ ప్రభుత్వం షరతులు పెట్టి రెండున్నర లక్షలు ఇస్తామంటే, వైస్ ఛాన్సలర్ అశుతోష్ ముఖర్జీ నాయకత్వంలో సెనేట్ వద్దంది. అంతకు పదేళ్ల ముందు అదే యూనివర్సిటీ తారకనాథ్ పాలిత్, రాస్ బిహారీ ఘోష్ అనే ఇద్దరు లాయర్ల విరాళాలతో సైన్స్ కాలేజీ కట్టుకుంది. పాలిత్ నిధి మీద ఏర్పడిన ప్రొఫెసర్ పదవిలోకే 1917లో సి.వి. రామన్ ఫైనాన్స్ శాఖ ఉద్యోగం వదులుకుని వచ్చారు. విరాళం ఒక పాలకమండలికి ఎంత బలం ఇస్తుందో, షరతు దాన్ని ఎలా కట్టేస్తుందో ఆ ఒక్క యూనివర్సిటీ చరిత్రలోనే రెండూ కనిపిస్తాయి.

నా కేసులోవి అంత పెద్ద నిధులు కావు. పతకాలు, చిన్న స్కాలర్‌షిప్‌లు. దాత కొన్ని వేల రూపాయల ప్రభుత్వ ప్రామిసరీ నోట్లు, అంటే ప్రభుత్వం తీసుకున్న అప్పుకు రాసిచ్చిన పత్రాలు, ఇస్తాడు. అసలు కదలకూడదు, వడ్డీతో ఏటా ఒక విద్యార్థికి ఏదో ఒకటి ఇవ్వాలి. ఆ రోజుల్లో 'గవర్నమెంటు కాగితం' అంటే ఎక్కువగా మూడున్నర శాతం పత్రాలు. వాటికి గడువు తీరే తేదీ లేదు. ఏటా మూడున్నర శాతం వస్తూనే ఉంటుంది. అసలు తిరిగి కావాలంటే బజారులో ఏ ధర వస్తే ఆ ధరకు అమ్ముకోవాలి. 1910లో ఒక దాతకు ఇంతకంటే భద్రమైనది కనిపించి ఉండదు.

సమస్య

డెబ్బై దాటిన ఒక పెద్దాయన యూనివర్సిటీకి వరుసగా ఉత్తరాలు రాశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన ముత్తాత 10,000 రూపాయల కాగితం ఇచ్చి, ఒక పతకం, ఒక స్కాలర్‌షిప్ పెట్టించారు. ఆయన చిన్నప్పుడు పతకం బంగారంది. తర్వాత వెండిదైంది, ఆపైన అసలు ఇవ్వడమే మానేశారు. "మా వాళ్ల నోట్లు అమ్ముకుని తిన్నారు" అని ఆయన ఆరోపణ. ఫైనాన్స్ విభాగం దగ్గర ఆ పేరుతో ఖాతానే లేదు. ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది. అప్పుడు నన్ను పిలిచారు.

నేను మొదట ఆయన్ని కలిశాను. ఆయన గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా వినిపించింది. "అమ్మా, నాకు ఒక్క రూపాయి వద్దు. ఆ డబ్బు ఏమైందో చెప్పండి చాలు" అన్నారు. ముత్తాతకు రిజిస్ట్రార్ రాసిన కృతజ్ఞతల ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్నారు. దాన్ని ముందువైపు మాత్రమే ఫోటో తీసుకున్నాను. వెనక ఏముందో చూడలేదు.

ఏం ప్రయత్నించాం, ఎందుకు కుదరలేదు

సిండికేట్ మినిట్స్ అచ్చులో ఉన్నాయి, ఏడాదికో బైండు. ప్రతి బైండు చివర అకారాది సూచిక. దాత పేరుతో వెతికాను. దొరకలేదు. ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసేవాళ్లని తెలుసు కాబట్టి అన్నీ ప్రయత్నించాను. రెండు వారాలు పోయాక తేలిందేమిటంటే, సూచిక తయారు చేసిన గుమాస్తా దాత పేరు వాడనే లేదు. పతకం ఏ సబ్జెక్టుదో ఆ సబ్జెక్టు కింద వేశాడు. అతని దృష్టిలో అది పరీక్షల వ్యవహారం, డబ్బు వ్యవహారం కాదు.

అలా వెతకగా ఒక తీర్మానం దొరికింది. విరాళం స్వీకరించడమైనది, నోట్లను ప్రెసిడెన్సీ బ్యాంకులో (కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఒక్కోటి ఉన్న పాత పెద్ద బ్యాంకుల్లో ఒకటి) భద్రపరచాలి అని. చాలా సంతోషపడ్డాను. నా రెండో తప్పు అక్కడే మొదలైంది. తీర్మానం అయింది కాబట్టి అమలూ అయిందనుకుని, ఆ బ్యాంకులో దాచిన పత్రాల జాబితాలు ఏడాది తర్వాత ఏడాది చదువుకుంటూ పోయాను. 1920 దాకా ఉన్నాయి. ఆ తర్వాత లేవు.

అదే ఏళ్లలో మూడున్నర శాతం కాగితం ధర బాగా పడిపోయింది. యుద్ధం ఖర్చు కోసం ప్రభుత్వం 1917 నుంచి ఐదు, ఐదున్నర శాతం వడ్డీకి కొత్త అప్పులు తీసుకుంది. కొత్త కాగితం మీద ఐదు వస్తుంటే పాత మూడున్నరను నిండు ధరకు ఎవరు కొంటారు? ఒకవైపు జాబితా ఆగిపోయింది, ఇంకోవైపు ధర పడిపోతోంది, మరోవైపు యూనివర్సిటీకి డబ్బు కటకట. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని, సిండికేట్ భయపడి నోట్లు నష్టానికి అమ్మేసి ఉంటుందని నేను ఒక మధ్యంతర నోట్‌లో రాశాను. "అమ్మి ఉండవచ్చు" అనే రాశాను. కానీ పై ఆఫీసుకు వెళ్లేసరికి అది "అమ్మేశారు" అయింది. ఆ మాట పెద్దాయన దాకా చేరింది.

నిజం వేరు. 1921 జనవరిలో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులూ కలిసి ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి. జాబితా ఆగిపోలేదు. బ్యాంకు పేరు మారింది కాబట్టి ఆఫీసులో ఫైలు నంబరు మారింది, కొత్త కట్ట వేరే బీరువాలో ఉంది. చరిత్ర పుస్తకంలో చదువుకున్న విషయమే. అది ఒక ఆఫీసు బీరువాను ఎలా రెండుగా చీలుస్తుందో నాకు తట్టలేదు.

నోట్ వెనక్కి తీసుకున్నాను. పెద్దాయన ఇంటికి వెళ్లి, తొందరపడి రాశానని ముఖాముఖి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ ఉత్తరం మళ్లీ నా చేతిలో పెట్టారు. ఈసారి కవరులోంచి బయటికి తీసి తిప్పి చూశాను. వెనకవైపు, అదే చేతిరాతతో, నోట్ల నంబర్లు, అవి ఏ సంవత్సరపు అప్పుకు చెందినవో రాసి ఉంది: '1865 అప్పు', '1900-01 అప్పు'.

దారి దొరికింది ఎక్కడ

ఇక పేరు వెతకడం మానేసి అంకె వెతకడం మొదలుపెట్టాను. 10,000 మీద మూడున్నర శాతం అంటే ఏడాదికి 350. వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది కాబట్టి 175. క్యాష్ బుక్‌లో ప్రతి ఆరు నెలలకూ 175 రూపాయల జమ కనిపించాలి. కనిపించింది. కొన్నిసార్లు 175 కంటే కాస్త తక్కువ పడి, కొన్ని నెలల తర్వాత చిన్న మొత్తం విడిగా జమ అయ్యేది. పన్ను ముందే కోసుకుని, ధర్మనిధి అని అర్జీ పెట్టుకుంటే వాపసు ఇచ్చేవాళ్లు. రూపాయలు, అణాలు, పైసల కాలం కదా, రెండు పద్దులూ కలిపితే పైసతో సహా సరిపోయేది. ఆ గుమాస్తాల లెక్క మీద నాకు గౌరవం పెరిగింది.

ఒకచోట 175 ఆగిపోయింది. అదే తేదీన, అదే పేజీలో, దాదాపు 30 చిన్న నిధుల వడ్డీ పద్దులూ ఆగిపోయాయి. వాటి బదులు ఒకే పెద్ద పద్దు: ఉమ్మడి ట్రస్ట్ నిధుల ఖాతా. ఇంపీరియల్ బ్యాంకు జాబితాలో నోట్ల నంబర్లు ఉత్తరం వెనక ఉన్నవే. అంటే నోట్లు అమ్మలేదు. కలిపారు.

ఎందుకు కలిపారు? మినిట్స్‌లో ఒకే వాక్యం: ఫైనాన్స్ కమిటీ సిఫారసులను ఆమోదించడమైనది. సిఫారసులేమిటో అందులో లేదు. కారణం ఉత్తరప్రత్యుత్తరాల కట్టలో, రిజిస్ట్రార్ పెన్సిల్‌తో రాసుకున్న చిత్తుప్రతిలో దొరికింది. ముప్పై నిధులకు ముప్పై ఖాతాలు, ఒక గుమాస్తా. యుద్ధం తర్వాత ధరలు పెరిగి కొన్ని నిధుల వడ్డీ పతకానికి సరిపోవడం లేదు, కొన్నింటిలో మిగులుతోంది. అన్నీ కలిపి, వచ్చిన మొత్తం వడ్డీని ఒక్కో నిధి ముఖవిలువ (నోటు మీద అచ్చయిన మొత్తం) ప్రకారం పంచుదాం అని ఆయన ఆలోచన. ఇది తెలివైన ఆలోచనే అని నేను ఇప్పటికీ అంటాను. అప్పటి పరిస్థితిలో నేనున్నా కలపమనే చెప్పేదాన్ని. నా అభ్యంతరమంతా 'ముఖవిలువ' అన్న ఒక్క మాట మీదే.

ముప్పైని పక్కనపెట్టి రెండే నిధులు ఉన్నాయనుకుందాం. మొదటిది పెద్దాయన ముత్తాతది: 10,000 ముఖవిలువ గల మూడున్నర శాతం కాగితం, ఏటా 350 వస్తుంది. రెండోది యుద్ధం తర్వాత ఒకావిడ అమ్మాయిల చదువు కోసం ఇచ్చిన 10,000 నగదు. దాన్ని ఐదు శాతం కాగితంలో పెట్టారు, ఏటా 500 వస్తుంది. కలిపితే 850. ముఖవిలువ ప్రకారం సగం సగం, చెరి 425. ఏటా రెండో నిధి నుంచి 75 రూపాయలు మొదటి నిధికి పోయాయి.

బజారు ధర ప్రకారం పంచితే? ఐదు శాతం రాబడి దొరికే కాలంలో మూడున్నర శాతం కాగితం 100కి 70 దగ్గర పలకాలి, 70 మీద మూడున్నర అంటే ఐదు శాతమే కాబట్టి. మొదటి నిధి 7,000, రెండోది 10,000. 850ని ఆ నిష్పత్తిలో పంచితే సరిగ్గా 350, 500 వస్తాయి. ఎవరిది వాళ్లకే. బోర్డు ఎంచుకున్న కొలత ఒక్కటే ఇంత తేడా తెచ్చింది. అది దురుద్దేశంతో చేసింది కాదు. ముఖవిలువ నోటు మీదే అచ్చయి ఉంటుంది, బజారు ధర కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని లెక్క కట్టాలి.

అంటే ఉత్తరాలు రాసిన పెద్దాయన కుటుంబ నిధికి ఏళ్ల తరబడి లాభమే జరిగింది. నష్టపోయింది రెండో నిధి, దాని గురించి అడిగేవాళ్లే లేరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ స్కాలర్‌షిప్ ఎప్పుడు ఆగిందో కూడా ఎవరూ గమనించలేదు.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1946లో ప్రభుత్వం మూడున్నర శాతం పత్రాలను చెల్లించేసి, వాటి స్థానంలో 3 శాతం కన్వర్షన్ లోన్ తీసుకునే అవకాశం ఇచ్చింది. ఉమ్మడి ఖాతా అటే వెళ్లింది. 350 వచ్చేచోట 300 వచ్చింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పుడు కొత్త లెడ్జర్లు తెరిచారు. ఆ లెడ్జర్లలోకి ఉమ్మడి ఖాతా మొత్తాన్ని ఎక్కించారు గానీ, అందులో ఏ నిధి వాటా ఎంతో చూపించే పట్టికను ఎక్కించలేదు. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఏ డబ్బు ఎవరిదన్న జ్ఞాపకం మాత్రం ఆ ఒక్క మార్పిడిలో పోయింది.

నివేదికలో నిర్ణయం

నాకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇది. వాటాలు ఇప్పుడు మళ్లీ ఎలా కట్టాలి? అన్ని నిధులనూ బజారు ధర ప్రకారం తిరగలెక్క కట్టాలన్నది మొదటి ఆలోచన. ఒప్పుకోలేకపోయాను. 1930లలో వడ్డీ రేట్లు తగ్గి పాత కాగితం ధర మళ్లీ కోలుకుంది. కలిపిన రోజు ధరను పట్టుకుని వందేళ్ల లెక్క తేల్చడం మరో అన్యాయం. పైగా ముఖవిలువ ప్రకారం పంచాలన్నది అధికారం ఉన్న మండలి చేసిన తీర్మానం. అది నాకు నచ్చకపోవడం దాన్ని రద్దు చేయడానికి కారణం కాదు.

అందుకని ప్రశ్న మార్చాను. 'ఏది న్యాయమైన కొలత' అని కాక, 'ఈ నిధిని కలిపే అధికారం మండలికి ఉందా' అని ఒక్కో దస్తావేజునూ చదివాను. మొదటి నిధి దస్తావేజులో కలపకూడదని లేదు. కాబట్టి మండలి కొలతే చెల్లుతుంది, ముఖవిలువ ప్రకారం వాటా. రెండో నిధి దస్తావేజులో ఆవిడ స్పష్టంగా రాయించారు: ఈ మొత్తాన్ని విడిగా ఉంచాలి, మరే నిధితోనూ కలపరాదు. సంతకం కింద ఆవిడ వేలిముద్ర కూడా ఉంది. ఆ నిధిని కలపడమే తప్పు. కాబట్టి అది విడిగానే ఉండి ఉంటే ఏ కాగితంలో ఉండేదో, ఎంత అయ్యేదో మొదటి నుంచి లెక్క కట్టి, తేడాను యూనివర్సిటీ తన సాధారణ నిధి నుంచి ఇవ్వాలని రాశాను. మిగతా నిధుల నుంచి లాక్కోకూడదని కూడా రాశాను, ఎందుకంటే కలపాలన్న నిర్ణయం వాళ్లది కాదు.

లీగల్ సలహాదారు ఒప్పుకున్నారు. ఫైనాన్స్ విభాగంలో కొంత వాదన జరిగింది. "అడగనివాళ్ల డబ్బు మనమెందుకు తవ్వి తీయడం మేడమ్?" అని ఒకరు అడిగారు. దస్తావేజులో ఆ ఒక్క వాక్యాన్ని చూపించాను. చివరికి పాలకమండలి ఆమోదించింది.

పెద్దాయన పతకం తిరిగి మొదలైంది. వాటా విలువ చిన్నదే. 3 శాతం రాబడితో దశాబ్దాలు గడిచిన డబ్బును ధరల పెరుగుదల తినేసింది, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. లెక్క మొత్తం ఆయన ముందు పెట్టి, 75 రూపాయల సంగతి కూడా దాచకుండా చెప్పాను. చాలాసేపు ఆ కాగితం చూశారు. "అయితే ఆ ఆడపిల్లల డబ్బు మాకు వచ్చిందా?" అన్నారు. తన సొంత డబ్బు కొంత రెండో నిధికి కలపొచ్చా అని అడిగారు. దస్తావేజు ప్రకారం అదీ కుదరదు, అదే పేరుతో వేరే ఖాతా తెరవాలి అని చెప్పాను.

తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ పాత బోర్డు ఆర్థిక నిర్ణయాన్నైనా మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టకుండా చదవను: మినిట్స్, క్యాష్ బుక్, ఉత్తరాల కట్ట. తీర్మానం ఏం చేయాలనుకున్నారో చెబుతుంది. ఏం చేశారో క్యాష్ బుక్ చెబుతుంది. ఎందుకు చేశారో ఉత్తరాల్లో ఉంటుంది, చాలాసార్లు పెన్సిల్ రాతలో. 'ఆమోదించడమైనది', 'రికార్డు చేయడమైనది' అన్న మాట కనిపిస్తే అక్కడ ఆగి, దేన్ని ఆమోదించారో దొరికేదాకా ముందుకు పోను.

మధ్యంతర నోట్లలో ఊహలు రాయడం మానేశాను. దొరికింది, దొరకనిది, ఇంకా చూడాల్సింది, అంతవరకే. దస్తావేజుకు రెండు వైపులా ఫోటో తీస్తాను, ఖాళీగా ఉన్నా సరే.

కొత్తగా నిధులు ఇచ్చేవాళ్లు సలహా అడిగితే ఒక తేడా వివరిస్తున్నాను. ఆంధ్ర యూనివర్సిటీ తొలి రోజుల్లో ఒడిశాలోని జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్స్ కాలేజీకి ఆయన పేరు అలాగే వచ్చింది. ఏటా ఇచ్చే డబ్బు వెంటనే గోడలు లేపుతుంది, ఇచ్చేవాళ్లు ఇచ్చినంత కాలం. అసలు కదలని నిధికి ఆయుష్షు ఎక్కువే గానీ, అది ఏ కాగితంలో ఉంటుందో దాని అదృష్టమే నిధి అదృష్టం. 'వడ్డీలో కొంత ఏటా అసలుకు కలపాలి' అన్న ఒక్క వాక్యం దస్తావేజులో ఉంటే ఇలాంటి పతకాలు ఎన్నో బతికేవి. నేను చదివిన ముప్పై దస్తావేజుల్లో ఆ వాక్యం ఒక్కదాంట్లోనూ లేదు.

రెండో నిధికి ఇప్పుడు సొంత ఖాతా ఉంది. ఆవిడ కుటుంబం కోసం ప్రకటన ఇచ్చాం, ఎవరూ రాలేదు. ఇంకో చిక్కు మిగిలింది. యూనివర్సిటీ ఇంటర్మీడియెట్ పరీక్షలో అమ్మాయిల్లో మొదటి స్థానం వచ్చినవారికి అని ఆవిడ షరతు. అప్పట్లో ఆ పరీక్ష యూనివర్సిటీలే పెట్టేవి. ఇప్పుడు పెట్టడం లేదు. షరతును డిగ్రీ మొదటి ఏడాదికి మార్చుకోవడానికి ప్రజా ధర్మనిధుల దావాలకు సంబంధించిన 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలా, పాలకమండలి తీర్మానం సరిపోతుందా అన్నది లీగల్ విభాగం పరిశీలిస్తోంది. ఫైలు అక్కడే ఉంది. వడ్డీ మాత్రం ప్రతి ఆరు నెలలకూ ఆవిడ పేరు మీదే జమవుతోంది.